చెంగల్పట్టు బి.సి.జి. పరిశోధన

క్షయ రాకుండా బి.సి.జి. టీకా ఏ మేరకు కాపాడుతుందో తేల్చడానికి మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన క్షేత్ర పరిశోధన ఇది. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం కలిసి చేపట్టాయి. నాటి చెంగల్పట్టు జిల్లా ఉత్తర భాగమే నేటి తిరువళ్లూరు జిల్లా. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి కూడా ఇప్పుడు ఇందులోదే. తమిళంతో పాటు తెలుగూ ఇంటిభాషగా ఉన్న సీమ ఇది.

ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశువుల క్షయ క్రిమిని పదమూడేళ్లపాటు మళ్లీ మళ్లీ పెంచి, దాని తీవ్రత తగ్గించి ఈ టీకా తయారుచేశారు. 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. మన దేశంలో దీని వాడకం 1948లో మదనపల్లె ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడే మద్రాసు గిండీలో టీకా తయారీ ప్రయోగశాల ఏర్పడింది. అయితే అందరూ ఒప్పుకోలేదు. 1955లో మద్రాసు మాజీ ముఖ్యమంత్రి రాజాజీ ఈ సామూహిక టీకాను బాహాటంగా వ్యతిరేకించారు. శాస్త్రపరంగానూ చిక్కు ఉంది. బ్రిటన్ బడిపిల్లల్లో దాదాపు 80 శాతం రక్షణ కనబడగా, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నామమాత్రమే దక్కింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చేసిన అధ్యయనంలో కొంత మేలు తేలింది గాని, బ్రిటన్ స్థాయిలో కాదు. పెద్ద ఎత్తున, అనుమానానికి తావులేని పరీక్ష అవసరమైంది.

చెంగల్పట్టులో 209 పంచాయతీల్లో, ఒక పట్టణంలో కొంత భాగంలో మూడున్నర లక్షలకు పైగా జనాన్ని నమోదు చేశారు. నమోదు 1971 మార్చి దాకా సాగింది. నెల దాటిన శిశువు మొదలు ముసలివాళ్ల దాకా అందరూ ఇందులో ఉన్నారు. క్షయ క్రిమి సోకిందో లేదో చూసే ట్యూబర్క్యులిన్ సూది చేతికి వేసి వాపు కొలిచారు, పదేళ్లు దాటినవారికి ఎక్స్‌రే తీశారు, అనుమానం ఉంటే కఫం పరీక్షించారు. కొందరికి డెన్మార్క్ టీకా, కొందరికి ఫ్రాన్స్ టీకా, ఒక్కోటీ రెండు మోతాదుల్లో, మిగిలినవారికి టీకా లేని ద్రవం ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో వేసినవారికీ వేయించుకున్నవారికీ తెలియదు. ఊళ్లను వదలకుండా ఏళ్ల తరబడి తిరిగిన క్షేత్ర సిబ్బంది ఓర్పు లేకపోతే ఈ లెక్క తేలేది కాదు.

ఏడున్నరేళ్ల లెక్క 1979లో వెలువడింది: ఊపిరితిత్తుల క్షయ నుంచి టీకా రక్షణ ఇవ్వలేదు. ప్రపంచమంతా నివ్వెరపోయింది. టీకా చచ్చుబడిందేమో అన్న అనుమానం నిలబడలేదు. వేసిన కొత్తలో ట్యూబర్క్యులిన్ స్పందన బాగానే వచ్చింది, కొద్ది ఏళ్లలోనే తగ్గిపోయింది. అసలు కారణం ఆ నేలలో, నీళ్లలో ఉండవచ్చని పలువురు భావించారు. క్షయ కలిగించని మైకోబాక్టీరియా అనే బంధుజాతి క్రిములు అక్కడ విస్తారం. యుక్తవయసు వచ్చేసరికి దాదాపు అందరి శరీరాలూ వాటిని ఎరిగి ఉంటాయి. అలా ముందే కొంత రక్షణ పొందినవారిలో టీకా అదనంగా చేసేది కనబడకపోవచ్చు, లేదా ముందే మేల్కొన్న నిరోధక శక్తి టీకా క్రిములను నిలదొక్కుకోనివ్వకపోవచ్చు. తర్వాత ఆఫ్రికాలోని మలావీ, బ్రిటన్ యువతను పోల్చిన అధ్యయనం ఈ ఆలోచనకు బలమిచ్చింది. టీకా తర్వాత బ్రిటన్ యువతలో ఇంటర్ఫెరాన్-గామా (క్షయ క్రిములపై పోరుకు నిరోధక కణాలు విడుదల చేసే ప్రోటీన్) స్పందన బాగా పెరిగింది, మలావీలో పెరుగుదల స్వల్పం.

ఈ ఇంటర్ఫెరాన్-గామా ప్రాముఖ్యం అరుదైన జన్యులోపాల ద్వారా స్పష్టమైంది. దాన్ని గ్రహించే ప్రోటీన్ పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో, నిరపాయకరమైన బి.సి.జి. క్రిమి సైతం ఒళ్లంతా పాకి ప్రాణాంతకం కాగలదని 1996లో తేలింది. పుట్టిన కొద్ది నెలలకే టీకా వేసిన చోట మానని పుండు, చంకలో గడ్డలు, వదలని జ్వరం కలిసి కనబడితే వైద్యులు ఇలాంటి లోపాన్ని శంకించాలి.

చెంగల్పట్టు పరిశోధన పదిహేనేళ్ల ఫలితాలు 1999లో వచ్చాయి. పెద్దల్లో రక్షణ లేదు. పిల్లల్లో 27 శాతం కనబడినా గణాంకపరంగా గట్టిగా చెప్పదగినది కాదు. అయినా టీకాను ఆపకపోవడం సరైన నిర్ణయం. ఈ పరిశోధన ప్రధానంగా కొలిచింది కఫంలో క్రిములు కనబడే ఊపిరితిత్తుల జబ్బును. మెదడు పొరలకు, ఒళ్లంతటికీ పాకే క్షయ పసిపిల్లలను పొట్టన పెట్టుకుంటుంది. దాన్నుంచి బి.సి.జి. గట్టిగా కాపాడుతుందని ఇతర దేశాల అధ్యయనాలు చూపాయి. అందుకే పుట్టగానే టీకా నేటికీ కొనసాగుతోంది.

పెద్దల జబ్బుకు దారి వేరే దొరికింది. రోగిని గుర్తించి, కళ్లెదుట మందు మింగించే డాట్స్ పద్ధతి 1999లో తిరువళ్లూరు జిల్లాలో ప్రవేశించింది. చెన్నై క్షయ పరిశోధన కేంద్రం అక్కడ వరుసగా సర్వేలు జరిపింది. తొలి సర్వేలో లక్షకు 609గా ఉన్న కఫంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి (కల్చర్) నిర్ధారించిన ఊపిరితిత్తుల క్షయ, 2004–06 సర్వే నాటికి 311కు దిగింది.