గోళ్ల కప్ప గాజు కాపురం

పెంపుడు కప్ప కోసం అక్వేరియం దుకాణానికి వెళ్లినవారికి ఆఫ్రికా గోళ్ల కప్ప గురించి వినిపించే మాట ఒకటుంది: అది మొండి ప్రాణి, ఏది వేసినా తింటుంది, ఏ నీళ్లలో ఉంచినా బతుకుతుంది. జెనోపస్ లేవిస్ అనే శాస్త్రీయ నామంతో ప్రపంచమంతటి ప్రయోగశాలలకూ పరిచయమైన ఈ కప్పకు మొండి ప్రాణి అన్న పేరు ఊరికే రాలేదు. సొంత గడ్డ మీద చెరువు ఎండిపోతే అడుగున బురదలోకి దూరి, తిండి లేకుండా నెలల తరబడి ఓర్చుకుంటుంది. ఆ ఓర్పును చూసి అది సుఖంగా ఉందనుకోవడం దగ్గరే దాని పెంపకంలో పొరపాట్లు మొదలయ్యాయని నా వాదన. మొండి ప్రాణి కాబట్టి దాని తిండి, వసతి విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎందుకంటే తప్పు జరిగినా అది వెంటనే చావదు. ఆ తప్పు మన కంటపడేసరికి ఆలస్యమైపోతుంది. తొంభై ఏళ్లకు పైబడిన దాని తొట్టి చరిత్రంతా ఈ మాటకు సాక్ష్యమే.

ఆ చరిత్ర మొదలైంది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త లాన్సెలాట్ హాగ్‌బెన్, ఎద్దు పీయూష గ్రంథి నుంచి తీసిన సారాన్ని ఈ కప్పలకు ఎక్కిస్తే ఆడవి గుడ్లు విడుస్తాయని 1930లో ప్రకటించారు. మరో మూడు, నాలుగేళ్లకు అదే ఊళ్లో హిల్లెల్ షపీరో, హ్యారీ జ్వారెన్‌స్టైన్ ఇంకో అడుగు ముందుకు వేసి, గర్భిణి మూత్రంలోని హార్మోను కూడా అదే పని చేస్తుందని చూపారు. అంతకు ముందు గర్భనిర్ధారణకు బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ రూపొందించిన ఎలుకల పరీక్ష, ఆ తర్వాత వచ్చిన కుందేళ్ల పరీక్ష ఉండేవి. ఆ రెండింటిలోనూ జంతువును చంపి, కోసి, అండాశయం చూస్తే గాని ఫలితం తెలిసేది కాదు. కప్పకు వీపు చర్మం కింద సూది వేసి రాత్రి జాడీలో వదిలితే చాలు. గర్భం ఉంటే తెల్లారేసరికి జాడీ అడుగున గుడ్లు కనిపించేవి. మిల్లీమీటరు పైచిలుకు గుండ్రని గుడ్డు, సగం నల్లగా, సగం లేతగా, మామూలు కంటికే తెలిసిపోయేది. కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే అదే కప్ప మళ్లీ పరీక్షకు పనికొచ్చేది. ఇంత సులువైన పరీక్ష కావడంతో కేప్ కప్పలకు దేశదేశాల నుంచి గిరాకీ వచ్చింది. స్టెల్లెన్‌బాష్ దగ్గర యోంకర్స్‌హూక్‌లోని చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం వాటిని ఓడలకెక్కించే కూడలిగా మారింది. 1960ల్లో యాంటీబాడీలతో చేసే పరీక్షలు నిలదొక్కుకునే దాకా ఆస్పత్రుల్లో ఈ కప్పల కొలువు సాగింది.

ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పేజీ ఒకటి ఉంది. షపీరో, జ్వారెన్‌స్టైన్ 1933లోనే, అంటే గర్భపరీక్షకు పేరు రాకముందే, తొట్టిలో నెలల తరబడి ఉంచిన కప్పల్లో ఏం మార్పు వస్తుందో పరీక్షించారు. వాటి రక్తద్రవంలో కాల్షియం తగ్గింది, అండాశయాలు కుంచించుకుపోయాయి. పైకి కప్పలు బాగానే ఉన్నాయి, ఈదుతున్నాయి, తింటున్నాయి. లోపల మాత్రం శరీరం తన ఖర్చు తగ్గించుకుంటోంది. పరీక్షకు పనికొచ్చే గుడ్లు కావాలి కాబట్టి శాస్త్రవేత్తలు ఈ మార్పును గమనించక తప్పలేదు. ఇంట్లో ముచ్చటకు పెంచుకునేవారికి గుడ్లతో పనేమిటని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఇక్కడ గుడ్లు కొలబద్ద మాత్రమే. ఎముకకూ గుడ్డులోని పచ్చసొనకూ కావలసిన సరుకు ఒకే రక్తం నుంచి అందాలి. తిండిలో, నీటిలో, వెచ్చదనంలో లోటు వస్తే ఆ జీవి ముందు సంతానం మీద పెట్టే ఖర్చు ఆపుతుంది, ఆ తర్వాత ఒంటి మీద పెట్టేది. మన తొట్టిలోని కప్ప లోపల ఆ లెక్క ఎలా నడుస్తోందో చూసేవారు ఎవరూ లేరు గనుక, ముందుగానే సరైన తిండి పెట్టడం తప్ప వేరే దారి లేదు.

ఆ తిండి విషయంలో పాత ప్రయోగశాలల అలవాటు చాలాకాలం మనల్ని తప్పుదారి పట్టించింది. కసాయి కొట్టు నుంచి తెచ్చిన కార్జాన్ని ముక్కలు చేసి వేయడం అప్పట్లో మామూలు. కప్పలు దాన్ని ఆబగా తింటాయి కూడా. కార్జంలో విటమిన్ ఎ మోతాదు మించి ఉంటుంది, కాల్షియం మాత్రం నామమాత్రం. అప్పుడప్పుడు పెడితే పర్వాలేదు గాని, అదే రోజూ తిండి అయితే ఎముకలు గుల్లబారతాయి. వానపాములు, వాటితోపాటు నీటిలో మునిగే, కప్పల కోసమే చేసిన గుళికలు మేలు. ఈ కప్ప తినే తీరు చూస్తే దానికి ఏది సరిపడుతుందో తెలుస్తుంది. దీనికి నాలుక లేదు. మన బోదురుకప్పలా నాలుక చాచి పురుగును పట్టదు. ముందుకాళ్ల వేళ్లను విప్పార్చి, కదలకుండా నీటిలో తేలుతూ ఉంటుంది. వేలి కొసకు ఏదైనా తగలగానే రెండు చేతులతోనూ నోట్లోకి తోసుకుంటుంది. ముక్క పెద్దదైతే వెనక కాళ్లను పైకి తెచ్చి, లోపలి మూడు వేళ్లకున్న నల్లటి గోళ్లతో చీలుస్తుంది. వాసన తగిలిందంటే ఎదుట ఉన్నది ఆహారమా, గులకరాయా, తోటి చేపా అని తేడా చూడదు. అందుకే తొట్టి అడుగున నోట్లో పట్టేంత రాళ్లు ఉండకూడదు, చేపలను తోడు పెట్టకూడదు. పెద్ద కప్పకు వారానికి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాల్లో తినేసేంత చాలు. అడిగినప్పుడల్లా వేస్తే కొవ్వు పడుతుంది, మిగిలింది కుళ్లి నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. తోకకప్పల సంగతి పూర్తిగా వేరు. అవి నీటిని వడగట్టుకుని తింటాయి కాబట్టి మెత్తటి పొడి నీటిలో తేలుతూ ఉండాలి. ఐరోపా ప్రయోగశాలల్లో ఇందుకు దురదగొండి జాతి ఆకుల పొడి వాడేవారు.

ఇంత జాగ్రత్త అక్కర్లేదనేవారి దగ్గర బలమైన సాక్ష్యమే ఉంది. అలాంటి పాతకాలపు తొట్టెల్లోని కప్పలతోనే జీవశాస్త్రవేత్త జాన్ గర్డన్ ఆక్స్‌ఫర్డ్‌లో పేగు కణం కేంద్రకాన్ని గుడ్డులోకి మార్చి, ఎదిగిన కణంలోనూ మొత్తం జీవిని నిర్మించే సమాచారం చెక్కుచెదరకుండా ఉంటుందని 1962లో చూపారు. అందుకు 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకన్నా బలమైన ఉదాహరణ పరిశోధకుడు మైఖేల్ జాస్లాఫ్‌ది. గుడ్ల కోసం పొట్ట కోసి, కుట్టు వేసి, మామూలు తొట్టి నీటిలోనే తిరిగి వదిలిన కప్పల గాయాలు చీము పట్టకుండా ఎలా మానుతున్నాయని ఆయనకు సందేహం వచ్చింది. ఆ కూపీ లాగితే వాటి చర్మంలో సూక్ష్మజీవులను చంపే పదార్థాలు బయటపడ్డాయి. 1987లో ఆయన వాటిని మాగైనిన్లు అని లోకానికి పరిచయం చేశారు. మురికి నీటిలో గాయం మానే జీవికి శుభ్రమైన నీళ్లెందుకనే వాదన ఇక్కడి నుంచే పుడుతుంది. కానీ ఆ చర్మరక్షణకూ హద్దు ఉంది. నీరు పాడై, కప్ప నీరసిస్తే ఏరోమొనాస్ బ్యాక్టీరియా దాని తొడల కింద ఎర్రటి మచ్చలు తెస్తుంది. ప్రయోగశాలల్లో పెంచేవారికి బాగా తెలిసిన ఈ జబ్బు అదే మాగైనిన్ల చర్మం మీదే వస్తుంది. పైగా గర్డన్ తరహా ప్రయోగాలకు మంచి గుడ్లు కావాల్సి వచ్చినప్పుడే ప్రయోగశాలలు నీటి ఉష్ణోగ్రత, తిండి, రద్దీ మీద కచ్చితమైన నియమాలు పెట్టుకున్నాయి. గొప్ప విజ్ఞానం అశ్రద్ధ వల్ల వచ్చిందనడానికి ఆధారం కనబడదు.

వసతి విషయానికొస్తే, ఒక్క కప్పకైనా సుమారు 40 లీటర్ల నీరు పట్టే తొట్టి ఉండాలి. ఆడకప్ప 10, 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. పదిహేనేళ్లు దాటి బతుకుతుంది, ఇరవై దాటినవీ ఉన్నాయి. అయిదో తరగతి పిల్లవాడి ముచ్చట తీర్చడానికి కొంటే, వాడు ఉద్యోగంలో చేరేదాకా కప్పకు తిండి పెట్టేవారు ఇంట్లో ఉండాలి. ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే జీవి కావడంతో నీటిమట్టానికీ మూతకూ మధ్య ఖాళీ వదలాలి. దాని ఒంటి పక్కల కుట్లు వేసినట్టు కనిపించే చిన్న చిన్న గీతల వరుస నీటిలో కదలికను పసిగట్టే ఇంద్రియం. ఫిల్టరు ధాటిగా నీళ్లు చిమ్మే తొట్టిలో దానికి క్షణం విశ్రాంతి దొరకదు. నెమ్మదిగా పారే ఫిల్టరు, తలదాచుకోవడానికి మట్టి కుండ పెంకో, గొట్టమో చాలు. కుళాయి నీటిలోని క్లోరిన్ దాని పలుచటి చర్మానికి విషం. ఒక రోజు తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది గాని, క్లోరమిన్ కలిపిన నీరైతే మందు వేయాల్సిందే. అన్నింటికన్నా కష్టమైనది చల్లదనం. దీనికి 16 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ నీరు హాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉండేవారు ఈ అంకె చూసుకుని, తొట్టిని చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ఆ కప్పను కొనకపోవడమే మంచిది. మూడు నాలుగు సెంటీమీటర్ల మరుగుజ్జు ఆఫ్రికా కప్ప వెచ్చటి నీటిని కోరుకుంటుంది. దుకాణాల్లో రెండింటినీ పిల్లలుగా ఉన్నప్పుడు కలగలిపేయడం కద్దు. ముందుకాలి వేళ్ల మధ్య పొర ఉంటే మరుగుజ్జుది, వేళ్లు విడివిడిగా ఉంటే గోళ్ల కప్ప. రెండూ ఒకే తొట్టిలో ఉంటే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది.

చివరగా మూత సంగతి. ఇది తొట్టి దాటి చెరువుల దాకా వెళ్లే విషయం. కాలిఫోర్నియాలో 1960ల చివర నుంచి, చిలీలో శాంటియాగో పరిసరాల్లో, వేల్స్‌లో కొన్ని దశాబ్దాలపాటు, పశ్చిమ ఫ్రాన్స్‌లో, సిసిలీలో ఈ కప్పలు అడవి సంతతిగా స్థిరపడ్డాయి. కొన్నిచోట్ల ప్రయోగశాలల నుంచి, కొన్నిచోట్ల పెంపక కేంద్రాల నుంచి, కొన్నిచోట్ల పెంచలేక వదిలేసినవారి చేతుల నుంచి బయటపడ్డాయి. స్థానిక తోకకప్పలనూ చేపపిల్లలనూ నీటి పురుగులనూ తినేస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో ఒక్క చిన్న చెరువు నుంచి వీటిని ఏరివేయడానికే ఏళ్లు పట్టింది. దీనికి జబ్బు తోడైంది. ప్రపంచమంతటా కప్ప జాతులను తుడిచిపెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం 1938 నాటి కేప్ కప్ప మ్యూజియం నమూనాలో కనిపించడంతో, ఆ రోగం గర్భపరీక్షల వ్యాపారంతోనే పాకిందని 2004లో ఒక వాదన వచ్చింది. 2018లో జరిగిన జన్యు పరిశోధన దాని పుట్టుక తూర్పు ఆసియా వైపు ఉందని తేల్చింది. అయితే గోళ్ల కప్ప నిర్దోషి అన్నమాటే కదా అంటే, కాదు. పుట్టుక ఎక్కడైనా, అంతగా జబ్బు పడకుండానే ఆ శిలీంధ్రాన్ని మోయగల శరీరం దీనిది. కాలిఫోర్నియాలో విడిచిపెట్టిన కప్పల మీద అది దొరికింది కూడా. కాలిఫోర్నియా అనుమతి లేకుండా వీటిని దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2022లో వీటిని హానికర పరాయి జాతుల జాబితాలో చేర్చింది. మన దగ్గర పెంచుకునేవారు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మూత మీద బరువు పెట్టాలి. తొట్టి కడిగిన నీళ్లను వాన కాలువలోకో చెరువులోకో పోయకూడదు. బ్లీచింగ్ పౌడరు కలిపి కొంతసేపు ఉంచి మురుగు గొట్టంలోకి వదలాలి. పెంచలేని పరిస్థితి వస్తే కప్పను పెంచగలిగిన మరొకరికి అప్పగించాలి, అదీ కుదరకపోతే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.