ఒకసారి రిఫ్రెష్ కొట్టండి

2012లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. బస్సు టికెట్లు అమ్మే వెబ్‌సైట్ ఒకటి మా చేతిలో ఉండేది. సీట్ల బొమ్మ మీద నొక్కితే సీటు పచ్చబడాలి, పక్కన టికెట్ల సంఖ్య పెరగాలి, కింద మొత్తం మారాలి, కూపన్ వేసి ఉంటే తగ్గింపు లెక్క మళ్ళీ కట్టాలి. ఇంతే పని.

ఒకరోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మూడు సీట్లు నొక్కి, కూపన్ వేసి, తర్వాత మనవరాలు రావట్లేదని తెలిసి ఒక సీటు తీసేశారట. తెరమీద రెండు సీట్లే పచ్చగా ఉన్నాయి. డబ్బు మాత్రం మూడింటికీ పోయింది. "నేనేమైనా తప్పు నొక్కానా బాబూ?" అని అడిగారు. ఆయన ఏ తప్పూ నొక్కలేదు. కూపన్ వేశాక సీటు తీసేస్తే మొత్తాన్ని మళ్ళీ లెక్కకట్టమని రాయడం నేనే మర్చిపోయాను.

ఇలాంటి ఫిర్యాదులన్నిటికీ మా సపోర్ట్ వాళ్ళ దగ్గర ఒకటే మందు ఉండేది: "ఒకసారి రిఫ్రెష్ కొట్టండి సార్." చాలాసార్లు ఆ మందు పనిచేసేది కూడా. ఎందుకు పనిచేస్తుందో అప్పట్లో నేను ఆలోచించలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, గత ముప్పయ్యేళ్ళ వెబ్ పేజీ చరిత్ర చాలావరకు ఆ ప్రశ్నకు జవాబేననిపిస్తుంది.

* * *

మా అమ్మ జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు ఎక్కడ కత్తిరించాలో, ఏ కుట్టు ముందు వేయాలో టైలర్‌కి చెప్పదు. గుడ్డతో పాటు ఒక ఆది జాకెట్టు ఇస్తుంది. "ఇలాగే కుట్టు, చేతులు మాత్రం ఒక అంగుళం పొడుగుండాలి" అంటుంది. ఎలా ఉండాలో అమ్మ చెబుతుంది. ఎలా కుట్టాలో టైలర్ చూసుకుంటాడు. ప్రోగ్రామింగ్‌లో మొదటిదాన్ని డిక్లరేటివ్ పద్ధతి అంటారు. టైలర్ పక్కన కూర్చుని "ఇక్కడ కత్తిరించు, ఇప్పుడు దారం మార్చు" అని ఒక్కో పనీ చెప్పి చేయిస్తే అది ఇంపరేటివ్ పద్ధతి.

వెబ్ పుట్టడమే మొదటి పద్ధతిలో పుట్టింది. 1989లో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న సమస్య, పరిశోధకుల పత్రాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేలా చేయడం. దానికోసం వచ్చిన హెచ్‌టిఎమ్‌ఎల్‌లో మనం "ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె" అని చెప్పి ఊరుకుంటాం. దాన్ని తెరమీద గీసే బాధ్యత బ్రౌజర్‌ది. 1994లో హోకాన్ వియుమ్ లీ ప్రతిపాదించి, 1996 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడిన సిఎస్‌ఎస్‌దీ అదే తీరు. శీర్షికలన్నీ నీలంగా ఉండాలని ఒక్క మాట రాస్తే చాలు, ఒక్కోదాన్నీ వెతికి రంగు వేయక్కర్లేదు.

పైగా ఆ రోజుల్లో ఏం నొక్కినా సర్వర్ నుంచి పేజీ మొత్తం కొత్తగా వచ్చేది. పాత పేజీ పోయి, తాజా వివరాలతో ఇంకో పేజీ నిలబడేది. నెమ్మదే, తెల్లతెర ఒకసారి మెరిసి మాయమయ్యేది. కానీ తెరమీద ఒకటి, లెక్కలో ఇంకొకటి ఉండే అవకాశం తక్కువ. ప్రతి నొక్కూ ఒక రిఫ్రెషే.

* * *

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాష తొలిరూపం తయారుచేశాడు. అదే జావాస్క్రిప్ట్. దాంతో పేజీ బ్రౌజర్‌లో తెరుచుకున్నాక కూడా మారడం మొదలైంది. 1998లో డామ్ అనే ప్రమాణం వచ్చింది. పేజీని ఒక చెట్టులా చూసి, ఏ కొమ్మనైనా పట్టుకుని మార్చే వీలు కల్పించింది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పేజీని కదపకుండానే వెనకనుంచి సర్వర్‌ని వివరాలు అడిగే సదుపాయం కూడా వచ్చింది. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ చూశాకే దాని బలం అందరికీ తెలిసింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఆ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు.

అక్కడే ఒక సుఖం పోయింది. పేజీ ఇప్పుడు గంటల తరబడి తెరిచే ఉంటుంది. ఏదైనా మారితే ఆ ముక్కని మనమే వెతికి, మనమే అతుకు వేయాలి.

ఆ అతుకుల పనికి దొరికిన గొప్ప సూది జేక్వెరీ. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేశాడు. ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా ప్రవర్తించే కాలంలో అన్నిటిలోనూ ఒకే మాట చెల్లేలా చేసింది. మా తరంలో చాలామందికి మొదటి జీతం దాని పుణ్యమే, దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ దాంతో మేం రాసిందంతా టైలర్ పక్కన కూర్చుని చెప్పినట్టే ఉండేది. సీటు నొక్కితే ఆ గడిని వెతుకు, పచ్చ రంగు వెయ్యి, సంఖ్య ఉన్న చోటు వెతుకు, అక్కడున్న అంకె చదువు, ఒకటి కలుపు, తిరిగి రాయి. ఎన్ని సీట్లు ఎంచుకున్నారన్న నిజం వేరే ఎక్కడా ఉండదు. తెరమీద రాసున్న అంకే మాకు చిట్టాపద్దు.

చిక్కు ఎక్కడుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక పేజీకి ఐదు స్థితులున్నాయనుకోండి. ఏ స్థితి నుంచైనా మిగతా నాలుగింటికీ వెళ్ళొచ్చు. అంటే ఇరవై మార్పులు. ఒక్కోదానికి ఏం చెరపాలో, ఏం రాయాలో విడిగా ఆలోచించాలి. స్థితులు పదయితే మార్పులు తొంభై. అదే ఒక్కో స్థితిలో పేజీ ఎలా ఉండాలో చెప్పడమే మన పని అయితే, ఐదుంటే ఐదు వర్ణనలు, పదుంటే పది. పెద్దాయన డబ్బు పోయింది ఆ తొంభైలో నేను మర్చిపోయిన ఒకదానివల్ల.

* * *

ఈ అవస్థ మా ఒక్కరిదే కాదు. 2010 ప్రాంతంలో జెరెమీ అష్కెనాస్ బ్యాక్‌బోన్‌ని, స్టీవ్ శాండర్సన్ నాకౌట్‌ని తెచ్చారు. గూగుల్‌లో మిష్కో హెవెరీ కథ మరీ బావుంటుంది. ముగ్గురు కలిసి ఆరు నెలల్లో రాసిన పదిహేడు వేల వరుసల ప్రోగ్రామ్‌ని, తన సొంత పరికరంతో రెండు వారాల్లో తిరగరాస్తానని పందెం కాశాడు. మూడు వారాలు పట్టింది, పందెం ఓడాడు. కానీ ప్రోగ్రామ్ పదిహేను వందల వరుసలకు దిగింది. ఆ పరికరమే యాంగులర్.

మలుపు మాత్రం ఫేస్‌బుక్‌లో వచ్చింది. ఆ కంపెనీ పిహెచ్‌పి మీద పెరిగింది. పిహెచ్‌పిలో సర్వర్ ప్రతిసారీ పేజీ మొత్తాన్ని మొదటినుంచి రాసి పంపుతుంది. 2010లో వాళ్ళు ఎక్స్‌హెచ్‌పి అనే చేర్పుని బయటపెట్టారు. పేజీ ముక్కల్ని పిహెచ్‌పి మధ్యలోనే హెచ్‌టిఎమ్‌ఎల్‌లా కనిపించేలా రాసుకోవచ్చు. అక్కడే ప్రకటనల విభాగంలో పనిచేసే జోర్డన్ వాక్‌కి ఒక ఆలోచన వచ్చింది. సర్వర్‌లో ఇంత సుఖంగా సాగే పని బ్రౌజర్‌లో ఎందుకు సాగకూడదు? ఏ చిన్నది మారినా పేజీ మొత్తాన్ని మళ్ళీ వర్ణించేస్తే పోదా? స్టాండర్డ్ ఎంఎల్ అనే ఫంక్షనల్ భాషలో తొలి నమూనా రాసుకున్నాడు. 2011లో అది న్యూస్ ఫీడ్‌లోకి వెళ్ళింది, 2012లో ఇన్‌స్టాగ్రామ్ వెబ్‌సైట్‌లోకి. 2013 మే నెలలో ఫ్లోరిడాలో జరిగిన జెఎస్‌కాన్ఫ్‌లో రియాక్ట్ పేరుతో అందరికీ ఇచ్చేశారు.

సభ పెదవి విరిచింది. హెచ్‌టిఎమ్‌ఎల్ ఒక ఫైల్లో, జావాస్క్రిప్ట్ ఇంకో ఫైల్లో ఉండాలన్నది అప్పటి మడి. రియాక్ట్ ఆ రెంటినీ ఒకే కంచంలో కలిపేసింది. నేను కూడా ఆ రాతని మొదటిసారి చూసి ముఖం చిట్లించినవాణ్ణే. అదే ఏడాది పీట్ హంట్ తన ప్రసంగంలో దీనికి జవాబిచ్చాడు. మనం ఇన్నాళ్ళూ విడదీసింది భాషల్నే తప్ప బాధ్యతల్ని కాదన్నది అతని వాదన. సీటు గడి ఎలా కనిపించాలి, నొక్కితే ఏమవ్వాలి అన్నవి ఒకే బాధ్యత అయినప్పుడు రెండు ఫైళ్ళలో దాచి ఏం లాభం?

మరి ప్రతిసారీ పేజీ మొత్తాన్ని మళ్ళీ గీస్తే తెర నత్తలా నడవదా? నడుస్తుంది. అందుకే రియాక్ట్ నిజం పేజీని వెంటనే ముట్టుకోదు. కొత్త పేజీ ఎలా ఉండాలో ముందు మెమరీలో ఒక తేలికపాటి నకలు తయారుచేసుకుంటుంది. దాన్ని పాత నకలుతో పోల్చి, తేడా ఉన్నచోట మాత్రమే తెరని మారుస్తుంది. టైలర్ పాత జాకెట్టుని ఆది జాకెట్టు మీద పరిచి, తేడా ఉన్న కుట్టునే విప్పినట్టు. రెండు చెట్లని నిక్కచ్చిగా పోల్చడం ఖరీదైన పని. తెలిసిన పద్ధతుల్లో వెయ్యి కొమ్మలుంటే వంద కోట్ల పోలికల దాకా వెళ్ళొచ్చు. అందుకని రియాక్ట్ రెండు అంచనాలతో సరిపెట్టుకుంటుంది: కొమ్మ రకం మారితే కింద ఉన్నదంతా కొత్తదే అనుకుంటుంది, జాబితాలోని వస్తువుల్ని మనం ఇచ్చే గుర్తులతో పోల్చుకుంటుంది. అలా వెయ్యి కొమ్మల పని వెయ్యి పోలికల స్థాయికి దిగుతుంది.

ఇంకోలా చెప్పాలంటే, మా సపోర్ట్ వాళ్ళు ఫోన్లో చెప్పిన మందునే రియాక్ట్ యంత్రం కడుపులో పెట్టింది. మనకి కనిపించకుండా, ప్రతి మార్పుకీ తనే ఒకసారి రిఫ్రెష్ కొట్టుకుంటుంది.

ఆలోచన కొత్తదేం కాదు. 1979లో ఆపిల్ 2 కోసం వచ్చిన విజికాల్క్‌లో ఒక గడిలో సూత్రం రాస్తే, అంకె మారినప్పుడల్లా మొత్తం దానంతట అదే మారేది. ప్రోగ్రామింగ్ పేరెత్తని అకౌంటెంట్లు నలభై ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. వెబ్ ఇంజనీర్లం మేమే ఆలస్యంగా నేర్చుకున్నాం.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2014లో ఎవాన్ యూ వ్యూని తెచ్చాడు. 2016లో రిచ్ హ్యారిస్ స్వెల్ట్ తెచ్చాడు. ప్రతిసారీ నకళ్ళు పోల్చుకోవడం ఎందుకు, ఏది మారితే ఏ ముక్క మారాలో ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే తేల్చేయొచ్చు కదా అన్నది అతని వాదన. 2019లో ఆపిల్ స్విఫ్ట్‌యుఐ, 2021లో గూగుల్ జెట్‌ప్యాక్ కంపోజ్ మొదటి స్థిరమైన కూర్పు వచ్చి, ఫోన్ యాప్‌లూ ఇదే దారి పట్టాయి.

* * *

2015లో ఇంకో కంపెనీలో నాకు అలాంటి టికెట్ పేజీనే మళ్ళీ రాసే అవకాశం వచ్చింది, ఈసారి రియాక్ట్‌లో. ఎంచుకున్న సీట్ల జాబితా ఒకటి, కూపన్ ఒకటి. ఈ రెండే దాచుకున్నాను. సంఖ్య, మొత్తం, పచ్చ రంగు, అన్నీ వాటినుంచి లెక్కకట్టుకునేవే. సీటు తీసేస్తే జాబితాలోంచి ఒకటి పోతుంది. మొత్తాన్ని మార్చమని ఎవరూ గుర్తుపెట్టుకుని చెప్పక్కర్లేదు.

అలాగని రియాక్ట్ నన్ను కాపాడిందనడం అబద్ధమే. మొత్తాన్ని కూడా విడిగా దాచుకుని ఉంటే, అదే తప్పు అందులోనూ చేసేవాణ్ణి. చాలామంది చేస్తున్నారు కూడా. ఆ పద్ధతి నేర్పేదల్లా ఒక్కటే: నిజం ఒకేచోట ఉండాలి, మిగతావన్నీ దాని నీడలు కావాలి.

దీనికి ఖరీదూ ఉంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు నేను నెట్ సెంటర్‌లో, గంటకి ఇరవై రూపాయలిచ్చి, నచ్చిన పేజీల మీద కుడి బటన్ నొక్కి సోర్స్ చూసేవాణ్ణి. ఎవరూ నేర్పకుండా హెచ్‌టిఎమ్‌ఎల్ అలాగే వచ్చింది. పూర్తిగా బ్రౌజర్‌లోనే తయారయ్యే ఇప్పటి పేజీల్లో అలా చూస్తే ఒక ఖాళీ డబ్బా, దాని కింద చదవడానికి వీల్లేని జావాస్క్రిప్ట్ గుట్ట కనిపిస్తాయి. ఆ గుట్టంతా దిగి, నడిచేదాకా తెర తెల్లగానే ఉంటుంది. మంచి ఫోన్లో అది కంటికి ఆనదు. పాత ఫోన్లో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే బస్టాండ్‌లో బాగా తెలుస్తుంది. ఆ ఇబ్బంది అర్థమయ్యే, కొంతకాలంగా రియాక్ట్ వాళ్ళు కూడా పేజీని మళ్ళీ సర్వర్‌లో తయారుచేసి పంపే దారులు వేస్తున్నారు. తిరిగి తిరిగి పిహెచ్‌పి వాకిట్లోకే వస్తున్నామని మా ఆఫీసులో జోకు.

ఆ పెద్దాయనకి డబ్బు వెనక్కిచ్చాం. కానీ నాకు గుర్తుండిపోయింది డబ్బు కాదు, తప్పు తనదేమోనన్న ఆయన సంకోచం. తెర అబద్ధం చెబితే మనుషులు ముందు తమ వేలినే అనుమానిస్తారు. "రిఫ్రెష్ కొట్టండి సార్" అన్నప్పుడు మేం చేసింది, మా బరువుని ఆయన వేలి మీద పెట్టడం. దాన్ని మళ్ళీ యంత్రం మీదికి ఎత్తిన చరిత్ర కాబట్టే రియాక్ట్ కథంటే నాకు గౌరవం. ఇప్పుడు ఆ యంత్రం బరువంతా మోస్తున్నది ఎవరి ఫోన్ అన్నది మా తరం ఇంజనీర్లు ఇంకా పూర్తిగా జవాబు చెప్పని ప్రశ్న.