కర్రల బాట కింద దొరికిన లెక్కలు

ప్రతి ఏడూ ఈ నివేదికలో మన పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు రాస్తాం. ఈసారి వాటితోపాటు ఒక పాత బాట చరిత్ర కూడా రాయాలనుకున్నాం. ఆ బాట మన దేశంలోది కాదు. అయినా చదువుతుంటే మన సంఘాల సంగతిలాగే అనిపించింది.

రష్యాలో నోవ్‌గొరొద్ అని పాతకాలం నాటి వ్యాపార పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అది దాదాపు నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక ఊరిని మళ్లీ కట్టుకుంటున్న రోజుల్లో, 1951లో, అర్త్సిఖోవ్‌స్కీ అనే ఆచార్యుడి ఆధ్వర్యంలో అక్కడ పెద్ద తవ్వకం మొదలైంది. 1962 దాకా సాగింది.

మట్టి కింద కర్రలతో వేసిన వీధులు బయటపడ్డాయి. అక్కడిది చిత్తడి నేల. అందుకని సన్నటి గుండ్రటి దుంగలు ముందు బాట పొడవునా పరిచేవాళ్లు. వాటి మీద, రెండుగా చీల్చిన దుంగల్ని అడ్డంగా, చదును వైపు పైకి వచ్చేలా పేర్చేవాళ్లు. కొన్నేళ్లకు మట్టీ చెత్తా పేరుకుంటే పాత బాట తీసేవాళ్లు కాదు, దాని మీదే కొత్తది వేసేవాళ్లు. అలా ఒకదానిమీద ఒకటి 28 బాటలు! నేల తడిగా ఉండి గాలి తగలకపోవడంతో కర్ర కుళ్లలేదు. చెట్టుకు ఏడాదికొక వలయం పడుతుంది కదా, ఆ వలయాలు లెక్కపెట్టి అన్నిటికంటే కింది బాట 953 నాటిదనీ, పైది 1462 నాటిదనీ తేల్చారు. అంటే సుమారు 18–20 ఏళ్లకొకసారి కొత్త బాట వేసుకున్నారన్నమాట.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాం. 1951 జూలై 26న ఆ తవ్వకంలో కూలికి వచ్చిన నీనా అకులోవా అనే ఆమెకు, 14వ శతాబ్దపు బాటలో రెండు చెక్కల సందున చుట్టగా చుట్టుకున్న బెరడు ముక్క కనబడింది. కాన్పు సెలవులో ఉండి నాలుగు డబ్బులు వస్తాయని పనికి వచ్చిన మనిషి. మట్టి తుడిచి చూస్తే దానిమీద అక్షరాలున్నాయి. ఇంకొకరైతే చెత్త అని పారేసేవాళ్లేమో. ఆమె పైవాళ్లకు అప్పజెప్పింది. అది భూర్జ చెట్టు బెరడు మీద గీసిన రాత. మన పెద్దలు తాటాకు మీద గంటంతో రాసినట్టే, సిరా లేకుండా మొనతో గీసిన అక్షరాలు. అలాంటివి ఇప్పటికి వెయ్యికి పైగా దొరికాయి. ఏటా జూలై 26న ఆ ఊళ్లో వాటి పేరున పండుగ చేసుకుంటారు.

ఇంతకీ ఆ బెరడుల్లో ఏముంది? రాజుల గొప్పలు కాదు. మొదట దొరికినదే ఏ ఊరి నుంచి ఎంత రావాలో రాసుకున్న లెక్క. ఎవరు ఎంత బాకీ, ఎవరికి ఏ సరుకు పంపాలి, ఇంటి పనులు, ఒక పిల్లవాడు దిద్దుకున్న అక్షరాలు, గీసిన బొమ్మలు ఉన్నాయి. ఆడవాళ్ల ఉత్తరాలూ ఉన్నాయి. 12వ శతాబ్దపు ఉత్తరం ఒకటి గొస్త్యాత అనే ఆమెదని పండితులు చెప్తారు. పుట్టింటివాళ్లు ఇచ్చినదంతా మొగుడి దగ్గరే ఉండిపోయిందనీ, అతను వేరే పెళ్లి చేసుకుని తనను వెళ్లగొట్టాడనీ, ఏమీ ఇవ్వడం లేదనీ, వచ్చి ఆదుకోమనీ రాసింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట ఇది. మన సమావేశాల్లో ఇలాంటి గోడు వినని నెల ఉందా? ఆమె రాసిపెట్టింది కాబట్టి ఇవాళ మనకు తెలిసింది. చెప్పుకుని ఊరుకున్నవాళ్ల బాధ ఎవరికీ తెలియకుండానే పోయింది.

దీన్నుంచి మనం రెండు పనులు నేర్చుకోవాలి. ఉపాధి పనిలోనో, పునాది తీసేచోటో, చెరువు పూడికలోనో పాత కుండలు, నాణేలు, రాతి బొమ్మలు, రాతలున్న రాళ్లు కనబడితే గునపం ఆపాలి. వెంటనే రెవెన్యూవాళ్లకు చెప్పాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే ఉంది. తట్ట మోసేవాళ్లం, పార పట్టేవాళ్లం మనమే కనుక ముందు కనబడేది మన కళ్లకే.

రెండోది మన పుస్తకాల సంగతి. అయిపోయిన తీర్మానాల పుస్తకాలు, పొదుపు పుస్తకాలు పాత కాగితాలవాడికి వేయొద్దు. వేలిముద్ర వేసిన అక్క సంతకం నేర్చుకున్నది ఏ నెలలోనో, ఎవరు దేనికి అప్పు తీసుకుని ఎలా తీర్చారో వాటిలోనే ఉంది. ఒక ట్రంకు పెట్టె కొని, ఏడాది వారీగా కట్టలు కట్టి, చెదలు పట్టకుండా వేపాకు వేసి దాచుదాం. మన చరిత్ర మనమే రాసుకున్నాం, దాన్ని కాపాడుకోవడం కూడా మన చేతుల్లోనే ఉంది.