జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్

ఫెర్రో అయస్కాంత లోహాన్నీ ఇతర లోహాన్నీ నానోమీటర్ల మందాన ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల్లో, అయస్కాంత క్షేత్రం వల్ల విద్యుత్ నిరోధం బాగా మారడమే జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్.

1986లో జర్మనీలోని యూలిష్‌లో పీటర్ గ్రూన్‌బర్గ్ బృందం, పలుచని క్రోమియానికి అటూ ఇటూ ఉన్న ఇనుప పొరల అయస్కాంతీకరణ ఎదురెదురు దిశల్లో నిలుస్తుందని చూపింది. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్ బృందం, 0.9 నానోమీటర్ల క్రోమియం పొరలున్న నమూనాలో 4.2 కెల్విన్ వద్ద నిరోధం దాదాపు సగానికి పడిపోవడం గమనించింది. మూడు పొరల నమూనాతో గది ఉష్ణోగ్రత వద్ద గ్రూన్‌బర్గ్‌కు దక్కిన మార్పు సుమారు 1.5 శాతమే, పేటెంటుకు దరఖాస్తు చేసింది మాత్రం ఆయనే.

కీలకం ఎలక్ట్రాన్ స్పిన్. పొరలు ఎదురెదురుగా ఉన్నప్పుడు రెండు రకాల స్పిన్‌లకూ ఏదో ఒక పొరలో అడ్డు తప్పదు. క్షేత్రం వాటిని ఒకే దిశకు తిప్పితే ఒక రకానికి దారి సుగమమవుతుంది.

1997లో ఐబీఎం ఈ ప్రభావంతో పనిచేసే రీడ్ హెడ్ ఉన్న హార్డ్ డిస్క్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2007 భౌతిక శాస్త్ర నోబెల్ ఫెర్, గ్రూన్‌బర్గ్‌లకు దక్కింది.