కాటూరు నుంచి ఎచ్చెర్లకు, పిట్స్‌బర్గ్ మీదుగా

బల్ల మీద చిన్న దిమ్మెలు. పక్కన ఒక యంత్రపు చెయ్యి, పైన కెమెరా కన్ను. మైకు దగ్గర మనిషి ఫలానా దిమ్మె తియ్యమన్నాడు. చెయ్యి కదిలింది, ఆ దిమ్మెనే పట్టుకుంది.

1960ల చివర, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాల. అక్కడ యంత్రానికి చెవి పెట్టిన పరిశోధకుడు చిత్తూరు జిల్లా కాటూరు రైతుబిడ్డ దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి.

1937లో పుట్టారు. 1958లో గిండీలో సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు. ఆ చదువుకి వంతెనలో ఆనకట్టలో కట్టాలి. పైచదువుకి ఆస్ట్రేలియా వెళ్తే అక్కడ కంప్యూటరు ఎదురైంది. సిడ్నీలో ఎంటెక్, ఐబీఎంలో ఉద్యోగం, 1963లో స్టాన్‌ఫర్డ్. అమెరికాలో స్థిరపడాలంటే అప్పట్లో భారతీయులకు ఏటా ఉన్న కోటా 100. 1965 వలస చట్టం వచ్చాకే ఆ గడియ వదులైంది. మరుసటి ఏడే జాన్ మెకార్థీ దగ్గర ఆయన డాక్టరేట్ పూర్తయింది.

మాట వినడంలో అంత కష్టమేముంది? సిక్కోలు బస్టాండులో ఎవరో "ఏటి సేస్తన్నావు బావూ" అంటే మూడు మాటలని మనకు తెలుసు. యంత్రానికి అందేది ఎక్కడా తెగని ఒకే శబ్దతరంగం. ఏ మాట ఎక్కడ మొదలైందో దానికెవరు చెప్పాలి? 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కు మారిన రాజ్ రెడ్డి బృందం దీనికో ఉపాయం పన్నింది. ధ్వని తెలిసిన ప్రోగ్రాము ఒకటి, పదాలు తెలిసింది ఒకటి, వ్యాకరణం తెలిసింది ఇంకొకటి. అన్నీ తమ ఊహల్ని ఒకే నల్లబల్ల మీద రాస్తాయి, ఒకదాని తప్పు ఇంకొకటి దిద్దుతుంది. దాని పేరు హియర్‌సే. 1976కి అదే ప్రయోగశాలలో, వేరే పద్ధతిలో తయారైన హార్పీ 1,011 పదాలు గుర్తుపట్టింది.

1988లో తైవాన్ నుంచి వచ్చిన శిష్యుడు కైఫూ లీ, ముందుగా గొంతు అలవాటు చేయక్కర్లేకుండా ఎవరి మాటైనా వినే స్ఫింక్స్‌ను తయారుచేశాడు. చైనా నుంచి వచ్చిన షువెడాంగ్ హువాంగ్ కార్నెగీ మెలన్ నుంచే 1993లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి వాక్ పరిశోధన విభాగం మొదలుపెట్టాడు. గురువు తెలుగువాడు, శిష్యుడిదొక దేశం, సహచరుడిదొక దేశం. పేరు మాత్రం అమెరికన్ టెక్నాలజీ! 1994లో రాజ్ రెడ్డికి కంప్యూటర్ రంగంలో ఇచ్చే ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆసియా మూలాలున్నవారిలో ఆయనే మొదటివారు.

ఇలాంటివాళ్లు తిరిగి వచ్చెయ్యాల్సిందని సణిగేవారున్నారు. 1966లో వస్తే ఆ పనికి తగ్గ యంత్రం, తీరిక ఎవరిచ్చేవారు? వలస అంటే రంగూన్ ఓడలూ వేరావల్ పడవలూ గుర్తొచ్చే మన ఉత్తరాంధ్రకి ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఆయన రాలేదు గానీ ఆయన ఆలోచన వచ్చింది. పల్లెల్లో పదో తరగతిలో మెరిసిన పిల్లల్ని ఏరి, లాప్‌టాప్ చేతికిచ్చి, ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజినీర్లను చేయడానికి 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మన నోట ట్రిపుల్ ఐటీ, పుట్టింది. తొలి కులపతి రాజ్ రెడ్డి. 2016లో శ్రీకాకుళానికీ ఒక క్యాంపస్ మంజూరైంది. అది ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ బడుల్లో పది చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. ట్రిపుల్ ఐటీలో సీటుకు సాధారణంగా పదో తరగతి మార్కులే ఆధారం. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడిలో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారు. ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టించండి.