వెబ్ పుటల మూస – చేర్పు నుండి వారసత్వము వరకు

వార్తాపత్రికలో వార్తలు దినదినము మారును. పత్రిక పేరు, పుట అమరిక మారవు. పూర్వము అచ్చుకూటములలో పత్రిక పేరు గల దిమ్మెను దాచియుంచి, వార్తల అక్షరములను మాత్రమే కొత్తగా కూర్చెడివారు. వెబ్ పుటలకు ఆదిలో ఈ సౌకర్యము లేదు.

1991లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయము నుండి వెబ్‌ను లోకమునకు అందించినపుడు, ప్రతి పుటయు ఒక ప్రత్యేకమైన ఫైలు. శీర్షికలో ఒక మాట మార్చవలెనన్న, నూరు పుటలున్నచో నూరుచోట్ల దిద్దవలెను. ఒకటి మరచినచో ఆ పుటలో పాత మాటయే నిలిచిపోవును.

మొదటి ఉపాయము "చేర్పు". శీర్షికను, అడుగుభాగమును వేరు ఫైళ్ళలో నుంచినచో, సర్వరు వాటిని ప్రతి పుటకు తగిలించును. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన పి.హెచ్.పి. ఈ పద్ధతికి విశేష ప్రచారము తెచ్చినది. కాని ఒక ఫైలు తెరచిన చట్రమును మరియొక ఫైలు మూయవలెను. ఏదియు తనంత తాను సంపూర్ణము కాదు.

ఈ చిక్కును విప్పుటలో ఒక వార్తాపత్రిక కార్యాలయమునకు పాత్ర గలదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు పత్రికలో 2003లో ఆడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ ప్రారంభించిన జాంగో 2005లో బహిరంగముగా విడుదలయ్యెను. ఇందు చట్రమంతయు తల్లిపుటలోనే యుండును. మారవలసిన చోట్ల పేరుగల ఖాళీలుండును. పిల్లపుట తల్లి పేరు చెప్పి, తనకు కావలసిన ఖాళీలనే నింపును. నింపనిచోట తల్లి వ్రాతయే నిలుచును.

తల్లిపుటలో ఒక్క మాట దిద్దిన, పిల్లపుటలన్నియు మారును. అందలి తప్పు కూడ అట్లే అన్నిటికిని సంక్రమించును. కనుక అచ్చునకు ముందు ప్రూఫు చూచెడి పాతకాలపు జాగ్రత్త నేటికిని అవసరమే.