"కన్వర్టెడా మీరు?"

కొత్త ప్రాజెక్టులో చేరిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఒకటి ఎదురవుతుంది నాకు. సోమవారం కాఫీ మెషీన్ దగ్గర "వీకెండ్ ఏం చేశారు" అంటే "నిన్న చర్చికెళ్ళానండీ" అంటాను. అవతలాయన తెలుగువాడైతే ఒక్క క్షణం ఆగి "ఓ... కన్వర్టెడా?" అంటాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు లెండి. అదే మలయాళీ అయితే అడగనే అడగడు. నేను మారింది లేదు, మా నాన్న మారింది లేదు, మా తాతకి కూడా ఉయ్యాల్లో ఉండగానే బాప్తిస్మం ఇచ్చేశారు. మరి మారిందెవరు, ఎలా? బెజవాడ పక్కనే పుట్టి పెరిగినా నాకు మొన్నమొన్నటి దాకా సరిగ్గా తెలీదు. తెలుసుకుంటే రెండు కథలు దొరికాయి.

మొదటిది బందరు కథ. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు కుర్ర ఇంగ్లీషు పాదిరీలు బందరులో దిగారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి ప్రకటించేవాడు, ఆరోగ్యం చెడి 1848లోనే పోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు (ఇప్పటి నోబుల్ కాలేజీ అదే). ఆయన లెక్క ఏమిటంటే, పెద్దకులాల పిల్లల్ని చదివించి మారిస్తే మిగతా జనం వాళ్ళ వెనకే వస్తారని. మన భాషలో టాప్ డౌన్ అప్రోచ్. అందుకని మాల, మాదిగ పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. క్రీస్తు పేరు మీద పెట్టిన బడి గుమ్మంలో కులం కాపలా కాసిందన్నమాట.

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. మంచాల రత్నం బ్రాహ్మడు, ఐనాల భూషణం వెలమ. ఊరు అట్టుడికిపోయింది. బంధువులు నోబుల్ బంగళా మీదికొచ్చారు, బడి దాదాపు ఖాళీ అయిపోయింది. ఆ కుర్రాళ్ళిద్దరూ తర్వాత గురువులయ్యారు గానీ, తిరిగి ఆ ఇంటి కొడుకులు కాలేకపోయారు. మన ఊళ్ళల్లో ఇల్లు పోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా. అమ్మ చేతి కూడు పోతుంది, చెల్లెలి పెళ్ళికి పిలుపు రాదు, తండ్రికి తలకొరివి పెట్టే హక్కు పోతుంది. నోబుల్ మాత్రం ఇంగ్లండు మళ్ళీ చూడకుండా 1865లో బందరులోనే చనిపోయాడు. ఆయన త్యాగాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆయన అనుకున్నట్టు ఆ పిల్లల వెనక ఎవరూ రాలేదు.

రెండో కథ బెజవాడది. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. నాలుగేళ్ళకి, అంటే 1859లో, రాఘవాపురం అనే ఊరినించి పగోలు వెంకయ్య అనే మాల రైతుకూలీ ఇక్కడి తిరనాళ్ళకొచ్చాడు. విగ్రహాల మీద నమ్మకం పోయి పదేళ్ళుగా ఏ పేరూ లేని దేవుడికి తనంతట తనే ప్రార్థన చేసుకుంటున్నాడట. "నువ్వు వెతికే దేవుడి సంగతి ఆ బంగళాలో దొరసానీ దొరా చెప్తార్లే" అని ఒక బ్రాహ్మడే దారి చూపించాడని సంఘాల్లో చెప్పుకుంటారు. ఆ బంగళాలో ఉన్న డార్లింగ్ అనే పాదిరీ దగ్గర ఆ ఏడే వెంకయ్య, ఆయన వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. వెతుక్కుంటూ వచ్చింది వెంకయ్య, పాదిరీ కాదు. నాకీ కథలో బాగా నచ్చేది అదే.

తర్వాత జరిగింది ఏ మిషను ప్లానులోనూ లేదు. వెంకయ్య జీతం లేకుండా ఊళ్ళు తిరిగాడు. ఏ ఊళ్ళు? వియ్యంకులుండే ఊళ్ళు, ఆడపిల్లనిచ్చిన ఊళ్ళు. మేనమామ వింటే మేనల్లుడు విన్నాడు. పల్లె పెద్ద సరేనంటే పల్లెంతా కదిలింది. ఎవరికీ ఇల్లు పోలేదు, ఇంటిపేరూ పోలేదు. 1891లో ఆయన పోయేనాటికి ఈ చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలు వెలిశాయి.

(మీది సీఎస్ఐనా, లూథరనా, బాప్టిస్టా అనేది చాలావరకు మిషన్లు పంచుకున్న హద్దుల్ని బట్టి వచ్చిందే. బెజవాడ ఆంగ్లికన్లది, గుంటూరు లూథరన్లది, ఉయ్యూరు, అవనిగడ్డ కెనడా బాప్టిస్టులవి. దీనికోసం పెళ్ళిచూపుల్లో పోట్లాడుకునేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.)

పల్లెలో బడీ గుడీ ఒకటే పాక. ఆసామి పొలంలో పొద్దుగూకేదాకా పని కాబట్టి ప్రార్థన రాత్రిపూట, గంట కొట్టి. డబ్బులెక్కడివి? అమ్మలు అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి వేరే కుండలో పోసేవాళ్ళు, వారం తిరిగేసరికి అదే కానుక. మా అమ్మమ్మ విజయవాడ ఫ్లాట్లో కూడా మానలేదు. ఆ బియ్యం ఎవరికిస్తావే అంటే "పాస్టరుగారు చూసుకుంటార్లేరా, ఇంటికో గుప్పెడు తియ్యాల్సిందే" అనేది.

అయితే అందరూ కలిసి వచ్చినవాళ్ళకీ ఓ ఖర్చుంది. ఇల్లు మిగిలింది, దానితోపాటు ఇంటి చుట్టూ ఉన్న గీత కూడా మిగిలింది. గుడి పల్లెలోనే కట్టారు, కాబట్టి ఊరు అందులోకి రాలేదు. మాల సంఘం, మాదిగ సంఘం వేరయ్యాయి. ఇప్పటికీ పెళ్ళి ప్రకటనల్లో 'క్రిస్టియన్' పక్కన కులం ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అబ్బాయైనా సరే.

దీన్ని గట్టిగా పట్టించుకున్న మనిషి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళనాడు నాడార్, 1912లో దోర్నకల్ బిషప్పయ్యాడు, ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్పు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్లవాళ్ళ ముందు నిలబడి, మీ త్యాగాలు చూశాం, మాకిప్పుడు మీ స్నేహం కావాలని అడిగాడు. అన్నీ ఇచ్చి పక్కన మాత్రం కూర్చోబెట్టుకోని దొరల గురించి ఆయన అన్న మాట అది. మా పల్లె సంఘాలు మాదిగల పక్కన కూర్చోవడం గురించి కూడా సరిగ్గా సరిపోతుంది.

ఆ తర్వాత 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కాకపోతే షెడ్యూల్డు కులం కాదని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం రిజర్వేషను. పల్లెలో ఆసామికి మాలవాడు మాలవాడే, మండలాఫీసులో మాత్రం కాదు! అందుకే చాలా ఇళ్ళల్లో బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టర్లో ఇంకో పేరు. దాన్ని అబద్ధమనేవాళ్ళతో నేను వాదించను గానీ, ఆ రెండో పేరు గట్టిగా పలకడానికి భయపడే పిల్లాడి సంగతి నాకు తెలుసు.

పోయిన ఈస్టరుకి ఊరెళ్ళాను. తెల్లవారుజామున నాలుగింటికి అందరం కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వెళ్తాం. హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్‌ల నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే కలుస్తారు, "వందనాలండీ, ఎప్పుడొచ్చారు?" అంటూ. అమ్మమ్మ సమాధి మీద సున్నం వేశాం. రాతి మీద ఆవిడ బాప్తిస్మపు పేరుంది, ముందు మా తాత ఇంటిపేరు. రేషన్ కార్డులో ఉన్న పేరు లేదు. మా పెదనాన్న దాన్ని చదివి, కొవ్వొత్తి అంటించి, "ఒరే, గుప్పెడు బియ్యం తీస్తున్నారా మీ ఇంట్లో?" అనడిగాడు. లేదన్నాను.